ముదిమియు, మూడవ ప్రకృతియు

ముదిమి యెల్లరకును వచ్చును. ముదిమియందు తలదాచుకొను చోటు మాత్రము ఎల్లరకును దొరకదు. కొడుకులు గలవారికి కొడుకుల యిల్లు, కూతుండ్రు గలవారికి అల్లుని పంచ, బిడ్డలు లేనివారికి అన్నదమ్ముల బిడ్డలు, ఇట్లు మన సంఘము ముసలితనమునకు వావివరుసలనే గోడలుగా కట్టియుంచినది. ఆ వావివరుసలకు వెలుపల బ్రదికినవారు ముసలివారైనపుడు ఎవరి పంచకు పోవలెను? హిజ్రాలనియు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులనియు, స్వలింగప్రేమికులనియు వ్యవహరింపబడువారి విషయమున ఈ ప్రశ్నను మన సాహిత్యము అడుగలేదు. మన శాసనములు సగమే అడిగినవి.

విమర్శకు మేము రెండు గ్రంథములను ముందుంచుకొంటిమి. మొదటిది రేవతిగారి ఆత్మకథకు పి. సత్యవతిగారు చేసిన తెలుగుసేత ‘ఒక హిజ్రా ఆత్మకథ’. దీనికి 2019 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ అనువాద పురస్కారము లభించినది. రెండవది గాయత్రీ రెడ్డిగారు హైదరాబాదు, సికింద్రాబాదుల హిజ్రాలతో మెలగి వ్రాసిన ‘విత్ రెస్పెక్ట్ టు సెక్స్’ అను ఇంగ్లీషు గ్రంథము. ఇది 2005లో చికాగో విశ్వవిద్యాలయ ప్రచురణగా వెలువడినది. ఒకటి తన బ్రదుకును తానే చెప్పుకొన్న కథ, మరియొకటి మానవశాస్త్రపరిశోధన. మేడ్చల్, శామీర్‌పేటల దారులందు క్రొత్త యిండ్ల గృహప్రవేశములకును, పెండ్లిమండపములకును చప్పట్లు చరచుచు వచ్చి దీవించిపోవు హిజ్రాలను ఈ ప్రాంతమువారెల్లరును ఎరుగుదురు. వారిలో పడుచువారును నడివయసువారును కనబడుదురు గాని డెబ్బదియేండ్ల ముసలివారు కనబడుట అరుదు. వారెచ్చట నున్నారు, వారికి అన్నము పెట్టువారెవరు అను విచారణయే ఈ వ్యాసమునకు మూలము.

మొదట మన ప్రాచీనసాహిత్యమును చూతము. సంస్కృతమున ‘తృతీయాప్రకృతి’ యను పదము క్రొత్తది కాదు. అమరసింహుడు దానిని తన నిఘంటువున చేర్చెను. వాత్స్యాయనుడు కామసూత్రములందు దానిని చర్చించెను. తెలుగున తిక్కన విరాటపర్వమున ‘పేడి’ యను మాట తిట్టుగా గాక కథకు వలసిన మాటగానే నిలిచినది. అయినను బృహన్నల వేషము ఏడాదికే ముగిసినది. గడువు తీరగానే అర్జునుడు మరల గాండీవము చేతబట్టెను. శిఖండి యుద్ధము ముగిసిన రాత్రియే అశ్వత్థామ చేత కూలెను. కాబట్టి మన యితిహాసములందు మూడవ ప్రకృతి యొక శాపముగనో, యొక మారువేషముగనో, యొక యుద్ధోపాయముగనో వచ్చిపోయెనే గాని నిండుజీవితముగ నిలువలేదు. ఆ రూపముతోనే తల నెరసి, ఆ రూపముతోనే ఊతకర్ర పట్టిన మనిషిని మన కవులు చూపలేదు. నేటి చలనచిత్రములు ఆ లోపమును తీర్చలేదు సరికదా, నవ్వించుటకో వెరపించుటకో వారిని వేషములుగా వాడుకొన్నవి. నవ్వించుటకు తెచ్చిన పాత్రకు ముసలితనముతో పనిలేదు గదా!

కావ్యములు చూపని ముదిమిని ధర్మశాస్త్రములు ఒకింత చూచినవి. మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయమున దాయవిభాగము చెప్పుచోట క్లీబునకును, పుట్టుగ్రుడ్డికిని, చెవిటికిని, ఉన్మత్తునకును తండ్రి సొత్తున పాలు లేదని విధింపబడినది. ఈ మాట పండితులనేకులు ఎరిగినదే. దాని వెంటనే యున్న విధిని మాత్రము తలచువారు తక్కువ. పాలు లేనివారికందరికిని బ్రదికినంతకాలము శక్తికొలది అన్నవస్త్రముల నీయవలెననియు, ఈయనివాడు పతితుడగుననియు ఆ వెంబడి శ్లోకము చెప్పుచున్నది. యాజ్ఞవల్క్యుడును అట్టివారు భరింపదగినవారనియే చెప్పెను. క్లీబశబ్దము నేటి హిజ్రాశబ్దమునకు సరిసమానము గాదు. దాని యర్థమున వ్యాఖ్యాతలకే భేదము గలదు. స్మృతిని నేటికి ప్రమాణముగా నిలుపుటయు మా యుద్దేశము గాదు. మేము చూపదలచినది వేరు. ఆ స్మృతి రెండు మాటలు చెప్పెను: పాలు లేదు, పోషణ కలదు. సంఘము మొదటి మాటను శ్రద్ధగా పాటించి రెండవదానిని మరచినది. తరువాత 1928లో వచ్చిన హిందూ వారసత్వ చట్టము ఈ యనర్హతలలో పెక్కింటిని తొలగించెను. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము రోగమును, అవయవలోపమును కారణముగా జూపి వారసత్వమును నిరాకరింపరాదనెను. నేడు కాగితముపై పాలు కలదు. కాని పదునైదవయేట ఇంటినుండి తరుమబడిన బిడ్డ ఆ పాలు అడుగుటకు ఏ ముఖముతో, ఏ పేరుతో, ఏ పత్రముతో ఆ గడప త్రొక్కవలెను?

ఆంగ్లేయుల ప్రభుత్వము పోషణ మాట యెత్తకపోవుటయే గాక ఉన్న దారులను గూడ మూసివేసినది. 1871 నాటి నేరస్థజాతుల చట్టపు రెండవభాగము హిజ్రాల పేర్లకు పట్టిక నేర్పరచి, ఆ పట్టిక కెక్కినవారు మైనరునకు సంరక్షకులుగా నుండరాదనియు, దానపత్రము వ్రాయరాదనియు, మరణశాసనము వ్రాయరాదనియు, కుమారుని దత్తత తీసికొనరాదనియు నిషేధించెను. చదువరులు ఈ నాలుగు నిషేధములను కలిపి చూడవలెనని కోరుచున్నాము. ముసలివయసున మనకు ఎవరైన మిగులవలెనన్న, ఒక బిడ్డను పెంచుటయో, ఒకరికి ఆస్తి వ్రాసి వారి యండ సంపాదించుటయో తప్ప వేరు దారి లేదు. ఆ రెండు దారులకును ఈ చట్టము అడ్డుకట్ట వేసినది. ఇక నిజాము రాజ్యమున 1329 ఫసలీలో, అనగా 1919లో, వచ్చిన చట్టము హైదరాబాదు నగరమందలి హిజ్రాలకు పట్టిక నేర్పరచెను. పట్టికలోని వారు స్త్రీవేషముతో వీధిలో కనబడినను, ఆడినను పాడినను వారంటు లేకయే పట్టుకొనుటకు పోలీసులకు అధికారమిచ్చి, రెండేండ్లవరకు కారాగారశిక్షను విధించెను. దీవెనపాటయే జీవనోపాధియైనవారికి పాటయే నేరమైనది. స్వాతంత్ర్యము వచ్చి డెబ్బదియేండ్లు దాటినను ఈ చట్టము మన శాసనగ్రంథములలోనే నిలిచియుండెను.

ఇట్టి చరిత్రకు లోనైనవారి నోట వెలువడినది గనుకనే రేవతిగారి గ్రంథమునకు విలువ మెండు. తమిళనాడున నామక్కల్ ప్రాంతపు పల్లెలో మగబిడ్డగా లెక్కింపబడి పుట్టి, తన్ను తాను ఆడుదానిగా ఎరిగి, ఇంటివారి దెబ్బల కోర్వలేక పారిపోయి, ఢిల్లీ, ముంబయి, బెంగుళూరు నగరములందు హిజ్రాల నడుమ బ్రదికి, పిదప ‘సంగమ’ యను సంస్థలో పనిచేసి హక్కుల పోరాటమున నిలిచిన స్త్రీ కథ యిది. వి. గీతగారి ఇంగ్లీషు అనువాదము 2010లో వెలువడగా దేశమంతటను దీనికి పేరు వచ్చినది. సత్యవతిగారి తెలుగు నిరాడంబరమైనది. దుఃఖమును పెంచి చెప్పుట గాని, చదువరి జాలి నర్థించుట గాని యందు లేదు. జాలి వలదను మనిషి కథను జాలి పుట్టించు భాషలో చెప్పిన ఎడల అనువాదము మూలమునకు ద్రోహము చేసినట్లగును. ఆ దోషము నుండి ఈ తెలుగుసేత తప్పించుకొన్నది. ఇది యనువాదకురాలి గొప్పతనము.

అయినను ఈ గ్రంథమును మన చదువరులు చదివిన తీరు మాకు తృప్తి నీయలేదు. శరీరమును మార్చుకొన్న ఘట్టములను గూర్చియు, వీధులలో పడిన హింసను గూర్చియు చెప్పుకొనువారు పెక్కండ్రు. ఆ గ్రంథమున మాటిమాటికి వచ్చునది మరియొకటి కలదు. అది ఇంటికి పోవు దారి. తరుమబడిన బిడ్డ మరల మరల ఆ యింటికే పోవును. తన సంపాదనతో ఆ యింటికి అండగా నిలువజూచును. ఆస్తి పంపకమువేళ తన వాటాకై పోరాడును. కన్నవారు ముదియుచుండగా వారికి తానేమగునో, తనకు వారేమగుదురో తేల్చుకొనజూచును. మా దృష్టిలో ఈ గ్రంథమునకు ఆయువుపట్టు ఇదియే. శరీరము మారినంత మాత్రమున వావి తెగదనియు, వావిని తెగగొట్టినది శరీరము గాక సంఘమనియు ఇది నిరూపించుచున్నది.

గ్రంథమునకు ఒక పరిమితియు కలదు. ఇది నడివయసున ముగిసిన కథ. ముసలి గురువులు ఇందు కనబడుదురు గాని ప్రధానముగా చేలా కంటికే కనబడుదురు. ముసలి గురువు తన ముదిమిని తానెట్లు చూచుకొనును, మోకాలు నొచ్చునపుడు, చూపు మందగించునపుడు, చేలాలు ఒక్కరొక్కరే దూరమగునపుడు ఆమె మనస్సు ఏమనుకొనును అను విషయము మనకు తెలియరాదు. ఇది రచయిత్రి దోషము గాదు. ఆమె తన వయసుకు తెలిసినదానిని నిజాయితీతో చెప్పెను. మిగిలినదానిని చెప్పవలసినవారు ఇంకను కలము పట్టలేదు, లేక కలము పట్టు చదువు వారికి మనము ఈయలేదు.

ఈ కొరతను గాయత్రీ రెడ్డిగారి గ్రంథము కొంతవరకు పూరించుచున్నది. హైదరాబాదు హిజ్రాలు ‘షహర్‌వాలా’, ‘లష్కర్‌వాలా’ యని రెండు ఇండ్లవారుగా నుందురనియు, వారిలో పెద్దలు నాయకులుగా వ్యవహరింతురనియు ఆమె తెలిపినది. షహరనగా నగరము, లష్కరనగా సికింద్రాబాదు దండు. ఆ పేర్లలోనే మన జంటనగరముల చరిత్ర యిమిడియున్నది. హిజ్రాలను కేవలము స్త్రీపురుషులకు నడిమి మూడవ గుర్తుగా చూచు పాశ్చాత్యవాదమును ఆమె చాలదనినది. మతము, వృత్తి, వావి, తరగతి ఇన్నింటి నడుమ వారు ‘ఇజ్జత్’ కొరకు, అనగా గౌరవము కొరకు, బ్రదుకుదురని ఆమె వాదము. దీవెనలతో బ్రదుకువారికి ఒక గౌరవము, దేహవిక్రయముతో బ్రదుకువారికి మరియొకటి యని వారిలోనే తారతమ్యములున్న సంగతియు ఆమె దాచలేదు. ఆ తారతమ్యము ముదిమియందు ప్రాణముమీదికి వచ్చును. గౌరవము గల యింటి పెద్దకు చేలాలు మెండు. లేనిదానికి ముసలితనమున నీళ్లిచ్చువారే కరవు.

ఇక గురుచేలా సంబంధమును కొంచెము విడమరచి చెప్పవలెను. క్రొత్తగా వచ్చినవారిని ఒక గురువు చేలాగా స్వీకరించుటను ‘రీత్’ అందురు. చేలా తన రాబడిలో కొంత గురువున కిచ్చును, ఇంటిపనులు చేయును, గురువు మాట దాటదు. గురువు చేలాకు ఇల్లు, తిండి, ఇంటిపేరు ఇచ్చును; వ్యాధిలో కనిపెట్టును; తగవులలో అండ నిలుచును. గురువు ముసలిదైనపుడు చేలాలు ఆమెను పోషింతురు. మరణించినపుడు కర్మలు జరుపుదురు. ఆమె చోటికి పెద్దచేలా వచ్చును. ఆ చేలా చేలాకు మొదటి గురువు అవ్వ వరుస. లెక్కలశాస్త్రము దృష్టితో చూచిన ఇది యొక పింఛను పద్ధతి. పడుచుదనమున చెల్లించిన దానిని ముదిమియందు క్రింది తరము తిరిగి చెల్లించును. సర్కారు చట్టములు వారి దత్తతను, మరణశాసనమును నిషేధించిన కాలమందును వారు తమలో తాము దత్తతకు సాటియైన రీత్‌ను, వారసత్వమునకు సాటియైన పెద్దరికమును నిలుపుకొనిరి. ప్రభుత్వము మూసిన దారిని సంఘబహిష్కృతులే తెరచుకొనిరి. దీనిని మన సంఘసంస్కర్తలు గుర్తింపకుండుట విచారకరము.

ఇక్కడ సంస్కారవాదులు ఒక యాక్షేపమును తెత్తురు. గురువులు చేలాలను బానిసలవలె వాడుకొందురు, దండుగలు వేయుదురు, విడిచిపోదలచినవారిని సొమ్ము కట్టనిదే విడువరు, బిచ్చమునకును దేహవిక్రయమునకును తోలుదురు. ఇట్టి వ్యవస్థను మెచ్చుకొనుట యెట్లని వారి ప్రశ్న. ఈ యాక్షేపమున నిజము కలదు. దానిని రేవతిగారి గ్రంథమే చూపుచున్నది. ప్రేమయు కాఠిన్యమును ఒకే గురువు చేతినుండి వచ్చుట అందు చూడనగును. కాని మన ఉమ్మడికుటుంబమున కోడండ్రు పడిన పాట్లు తక్కువవి గావు. అందుకని కుటుంబమే వలదని వీరేశలింగము పంతులుగారు గాని, తరువాతి సంస్కర్తలు గాని చెప్పలేదు, కుటుంబమును సంస్కరింపుడనిరి. ఈ యింటికిని ఆ న్యాయమే వర్తించును. అందలి దౌర్జన్యమునకు శిక్ష యుండవలెను. అందలి పోషణకు గుర్తింపు ఉండవలెను. ఒకటి చేసి రెండవది విడిచిన ఎడల పడుచువారిని విడిపించి ముసలివారిని వీధిపాలు చేసినవార మగుదుము.

ఈ భయము ఊహ గాదు. 2023 జూలైలో తెలంగాణ ఉన్నతన్యాయస్థానము, వైజయంతి వసంత మొగిలి ప్రభృతులు 2018లో తెచ్చిన వ్యాజ్యమున, 1329 ఫసలీ చట్టమును సమానత్వమునకును జీవించు హక్కునకును విరుద్ధమని కొట్టివేసెను. ప్రధానన్యాయమూర్తి ఉజ్జల్ భుయాన్, న్యాయమూర్తి సి.వి. భాస్కర్ రెడ్డిగార్లు వెలువరించిన ఆ తీర్పు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను 2014 నాటి ఆసరా పింఛను పథకమున చేర్చవలసినదనియు ఆదేశించెను. తరువాత 2024 డిసెంబరులో హైదరాబాదు పోలీసుశాఖ పరుగు, దూకుడు పరీక్షలు పెట్టి 39 మంది ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను ట్రాఫిక్ సహాయకులుగా ఎంపిక చేసికొనెను. చప్పట్లు చరచిన కూడలిలోనే ఈల పట్టుకొని నిలుచుట చిన్న మార్పు గాదు. మేము దానిని మనసార హర్షింతుము. కాని పరుగెత్తగలవారికే ఆ పరీక్ష. నెలజీతము దొరకిన పడుచు చేలా గురువింటిని విడిచి సొంతగది తీసికొన్నపుడు, ఆమె యిచ్చు పాలుమీద ఆధారపడిన అరువదియైదేండ్ల గురువు మాటేమి? ఉద్యోగము చేలాను విడిపించును. పింఛను గురువును బ్రదికించును. న్యాయస్థానము ఈ రెండింటిని ఒక్క తీర్పులోనే కోరుటలో గల వివేకము ఇది. ఉద్యోగము ముందు పరుగెత్తి పింఛను వెనుకబడరాదు. వయసు నిరూపింపుమనిన ఎడల చిన్ననాట ఇల్లు విడిచినవారియొద్ద పుట్టినతేది పత్రము ఉండదు. ఉన్నను దానిపై వారు విడిచిన పేరే యుండును. ఈ చిక్కును విప్పని పింఛను, గోడమీది బొమ్మ అన్నము వంటిది.

హిజ్రాల యిండ్ల వెలుపల నున్నవారి గతి ఇంకను మూగది. పురుషుని ప్రేమించిన పురుషుడు పెద్దల మాట కాదనలేక పెండ్లి చేసికొని భార్యకును తనకును అన్యాయము చేసికొన్నవాడో, ఒంటరిగా మిగిలినవాడో యగును. స్నేహితురాండ్రమని చెప్పుకొని ఒక్క యింట బ్రదికిన ఇద్దరు స్త్రీలలో ఒకరు పోగా, ఎన్నడును తొంగిచూడని మేనల్లుడు తాళముచెవికై వచ్చును. సర్వోన్నతన్యాయస్థానము 2018 సెప్టెంబరు 6వ తేదిన శిక్షాస్మృతి 377వ సెక్షను క్రింద పరస్పరాంగీకారముగల పెద్దల సంబంధము నేరము గాదనెను. ఆ నాటికి అరువదియేండ్లు నిండినవాడు 1958లో పుట్టినవాడు. ఆయన పడుచుదనమును నడివయసును నేరస్థుడన్న భయముతోనే గడచినవి. అరువదియవయేట వచ్చిన స్వాతంత్ర్యముతో ఆయన క్రొత్తగా చెలికానిని వెదకుకొనలేడు. పాతవారు ఎచ్చట నున్నారో ఎరుగడు. ఇట్టివారికి గురువు లేడు, చేలా లేదు. వారికి వలసినది ధనముకంటె ముందు ఒక కూడలి, భయములేని ఒక సాయంకాలము.

మా ప్రాంతమునే తీసికొందము. శామీర్‌పేటనందలి నల్సార్ న్యాయవిశ్వవిద్యాలయము 2022లో తన వసతిగృహమున ఒక అంతస్తును స్త్రీపురుషభేదము లేని నివాసముగా కేటాయించెను. చదువుకొను పిల్లలకు ఆ యాలోచన కలుగుట ప్రశంసనీయము. ఇదే మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతమున వృద్ధాశ్రమములును వెలసినవి. వృద్ధాశ్రమములందు సామాన్యముగా పురుషులకు ఒక ప్రక్క, స్త్రీలకు మరియొక ప్రక్క గదులు. డెబ్బదియేండ్ల హిజ్రా ఆ గడపన నిలిచిన ఎడల ఏ ప్రక్కకు పంపుదురు? పురుషుల గదిలో ఆమె చీర నవ్వులపాలగును. స్త్రీల గదిలో తక్కినవారి బంధువులు సమ్మతింపరు. విద్యార్థికి దొరకిన అంతస్తు వృద్ధురాలికి దొరకదా? 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణచట్టము జిల్లాకొకటి చొప్పునైన, కనీసము 150 మంది నిరుపేద వృద్ధులకు చాలునట్టి ఆశ్రమములను దశలవారిగా నెలకొల్పవచ్చునని చెప్పుచున్నది. 2016లో ఏర్పడిన మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాకును ఆ మాట వర్తించును. అట్టి ఆశ్రమమున మొదటి యిటుక వేయునాడే మూడవ గదిని గూర్చి ఆలోచించుట సులభము. కట్టిన పిదప గోడ పగులగొట్టుట కష్టము.

ఆ 2007 చట్టమునే విమర్శకుని కంటితో మరల చదువుదము. ముసలివారిని పోషింపవలసిన ‘సంతానము’ అనగా కొడుకు, కూతురు, మనుమడు, మనుమరాలు అని యది చెప్పుచున్నది. చేలా అందు లేదు. 2019లో ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల కొరకే చేసిన చట్టమును ‘కుటుంబము’ అను మాటకు రక్తముచేతనో, వివాహముచేతనో, చట్టబద్ధమైన దత్తతచేతనో కలిసినవారని యర్థము చెప్పెను. హిజ్రా యను పేరును గుర్తించిన చట్టమే హిజ్రాల యింటిని గుర్తింపలేకపోయెను. శాసనములు సగమే అడిగినవని మొదట మేమన్నది ఇందుకే. న్యాయస్థానములు కొంత ముందు నడచినవి. 1990లో మధ్యప్రదేశ్, 2016లో హిమాచలప్రదేశ్ ఉన్నతన్యాయస్థానములు గురుచేలాల వారసత్వాచారమును లెక్కలోనికి తీసికొనినవి. 2025లో మద్రాసు ఉన్నతన్యాయస్థానము వివాహమొక్కటే కుటుంబమునకు మార్గము గాదనియు, తాము ఎన్నుకొన్న కుటుంబమును గూడ చట్టము ఎరుగుననియు చెప్పెను. 2023లో స్వలింగవివాహమును అంగీకరింపని సర్వోన్నతన్యాయస్థానపు తీర్పు తరువాత, 2024లో కేంద్రప్రభుత్వము అట్టి జంటలు ఉమ్మడి బ్యాంకుఖాతా తెరువవచ్చుననియు, ఒకే రేషనుకార్డున చేరవచ్చుననియు, దగ్గరి బంధువులు లేనిచో మృతదేహమును భాగస్వామి కోరవచ్చుననియు తెలిపెను. ఖాతా, బియ్యము, శవము. ఈ మూడును ముదిమికి సంబంధించినవే. వివాహమను పెద్దతలుపు మూసియున్నను ఈ చిన్నకిటికీలు తెరచుకొన్నవి. కిటికీలకు సంతోషింపవలసినదే, వానినుండి ఇంటిలోనికి పోజాలము.

ఇతరదేశముల యనుభవము మనకొక పాఠము చెప్పును. న్యూయార్కున 1978లో స్థాపింపబడిన ‘సేజ్’ అను సంస్థ ఇట్టి వృద్ధులను కలుపుచు, ఒంటరివారి యిండ్లకు స్నేహితులను పంపుచు నేటికి నాలుగు దశాబ్దములకు పైగా నిలిచినది. ఫిలిప్పీన్సు దేశమున మనీలాయందు జస్టో జస్టో అనునాయన 1970 ప్రాంతపు దశాబ్దమున తన యింటినే ముసలి స్వలింగప్రేమికులకు ఆశ్రయముగా నిచ్చెను. ‘గోల్డెన్ గేస్’ అని వారికి పేరు. 2012లో ఆయన మరణింపగా అందలి ముసలివారు ఆ యిల్లు విడువవలసివచ్చెను. ఒకటి సంస్థగా ఏర్పడినది గనుక స్థాపకులు మారినను నిలిచెను. మరియొకటి ఒక్కని యౌదార్యముమీద నిలిచినది గనుక ఆయనతోనే పోయెను. మన హిజ్రాల యిండ్లకును ఈ యపాయమే కలదు. గురువు పేర నున్న ఇంటికి, ఆమె పోయినపిదప, అరువదియేండ్లు ముఖము చూడని రక్తబంధువు వారసుడనని రావచ్చును. హైదరాబాదు హిజ్రాలలో పెక్కండ్రు ఇస్లామాచారమును పాటింతురు. ఆ ధర్మశాస్త్రము ప్రకారము వారసుల సమ్మతి లేనిదే మూడవవంతుకంటె హెచ్చు సొత్తును మరణశాసనమున వ్రాయరాదు. కావున ఇల్లు ఒకరి సొత్తుగా గాక ధర్మసంస్థ సొత్తుగా నుండుట మేలని మా యభిప్రాయము.

మేము కోరునవి పెద్దవి గావు. పింఛనుకు రక్తబంధువుల సాక్ష్యము నడుగరాదు. సాటివారి సాక్ష్యము చాలవలెను. వృద్ధాశ్రమమున ఏ గది తనదో వృద్ధురాలే చెప్పవలెను. నలువదియేండ్లు పోషించిన చేలాకు ఆసుపత్రియందు కూతురుకు గల మాట చెల్లవలెను. ఇందులో సర్కారు చేయవలసినవి కొన్ని, ఆశ్రమముల ధర్మకర్తలు నేడే చేయదగినవి కొన్ని.

రచయితలు చేయవలసినది ఒకటి మిగిలినది. రేవతిగారి కథ నడివయసువరకు దారి చూపినది. గాయత్రీ రెడ్డిగారి పరిశోధన పెద్దరికపు కట్టుబాట్లను చూపినది. ముసలి గురువు నోటిమాటగా, తెలుగున, ఆమె యెరిగిన హైదరాబాదును, ఆమె పాడిన దీవెనలను, ఆమె పెంచిన చేలాల పేర్లను చెప్పు గ్రంథము ఇంకను రావలసియున్నది. ఆమె వ్రాయలేనిచో విని వ్రాయువారు కావలెను. చట్టము ఎవరిని కుటుంబమందునో తేలుటకు ఇంకను కాలము పట్టవచ్చును. ముసలివారికి అంత కాలము లేదు. వినగోరువారు ఈ యేడే పోయి వినవలెను.